రెండు పంక్తుల మరమ్మతు

ఇంటి బీరువాకు తాళపుచెవి యెట్టిదో, కంప్యూటరు పంపు రహస్య సందేశమునకు ఒక పెద్ద సంఖ్య అట్టిది. ఆ సంఖ్యను పరులెవ్వరును ఊహింపలేకుండుటయే దాని బలము. బ్యాంకు వ్యవహారములు మొదలు కార్యాలయముల పత్రముల వరకు నేడు మనము దాచుకొను సమస్తమును అట్టి చెవుల కాపుదలలోనే యున్నవి. అయితే లోకములోని అనేక కంప్యూటర్లు చేసిన చెవులు దాదాపు 20 మాసములు సులభముగా ఊహింపదగినవై యుండెను. ఆ సంగతి బయటపడలేదు. ఆ లోపమెట్లు పుట్టెనో, ఎట్లు తీరెనో మేమిచ్చట వివరింపదలచితిమి.

డెబియన్ అనునది మూలమును ఎవరైనను చదివి మార్చుకొనదగిన కంప్యూటరు వ్యవస్థ. ఇట్టి దానినే ఓపెన్ సోర్స్ అందురు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ దీనిని ప్రారంభించెను. ఇందలి సాఫ్టువేరులో అధికభాగము ఇతరులు వ్రాసినది. డెబియన్ స్వచ్ఛంద సేవకులు దానిని సేకరించి, పరీక్షించి, అవసరమైనచోట దిద్ది, ఒక్క కూర్పుగా అందరికిని ఇత్తురు. అట్లు చేరిన వానిలో ఓపెన్ ఎస్ఎస్ఎల్ ఒకటి. 1998లో ఆరంభమైన ఈ సాఫ్టువేరు పని రహస్యపు చెవులను చేయుట, సందేశములను గూఢలిపిలోనికి మార్చుట.

చెవిని చేయుటకు ముందు గవ్వలు విసరినట్లు ఊహకందని విలువలు కావలెను. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అట్టి విలువలను పలుచోట్లనుండి తెచ్చి, ఒక్కచోట కలిపి, ఆ మిశ్రమమునుండి చెవిని తయారుచేయును. 2006లో వాల్‌గ్రైండ్ అను పరీక్షాసాధనము ఈ భాగమును గూర్చి ఫిర్యాదు చేసెను. ఇంకను విలువ నింపని జ్ఞాపకస్థానమును ఈ సాఫ్టువేరు చదువుచున్నదని దాని హెచ్చరిక. సాధారణముగా అది దోషమే. ఆ హెచ్చరికలకు కారణమైన పంక్తి ఒకే రూపమున రెండుచోట్ల నుండెను. డెబియన్ సేవకుడొకడు మూలకర్తల అభిప్రాయమడిగెను. దోషశోధనకు తోడ్పడునేని తీసివేయవచ్చునని వారిలో ఒకరనిరి. డెబియన్ రెండింటిని తొలగించెను. 2006 సెప్టెంబరు 17న ఆ మార్పుతో కూడిన కూర్పు వెలువడెను.

ఆ రెండు పంక్తులు చూపునకు ఒక్కటే అయినను వాని పని ఒక్కటి కాదు. ఒకచోట తొలగించినందున నష్టము లేదు. రెండవచోట మాత్రము, తెచ్చిన విలువలన్నియు మిశ్రమములో చేరు ద్వారమే ఆ పంక్తి. అది పోవుటతో ద్వారము మూసికొనెను. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లు, హెచ్చరికలతోపాటు రక్షణయు పోయినది. ఇక మిగిలినది, కంప్యూటరు తాను నడుపు ప్రతి పనికి ఇచ్చు వరుస సంఖ్య యొక్కటే. లినక్సులో ఆ కాలమున సామాన్యముగా ఆ సంఖ్య 32,768ని మించెడిది కాదు. అనగా ఒక్కొక్క రకపు కంప్యూటరుపై, ఒక్కొక్క పరిమాణమునకు పుట్టగల చెవులు సుమారు అన్నియే. అంత చిన్న జాబితాను వరుసగా ప్రయత్నించి చూచుట కంప్యూటరునకు ఆటవంటిది.

చెవులు పైకి చక్కగనే పనిచేయుచుండుటచే ఎవరికిని అనుమానము కలుగలేదు. 2007 ఏప్రిల్‌లో వెలువడిన డెబియన్ 4.0 కూర్పులోనికి, డెబియన్‌పై ఆధారపడిన ఉబుంటులోనికి కూడ ఈ లోపము ప్రవేశించెను. తుదకు లూసియానో బెల్లో అను డెబియన్ సేవకుడు దీనిని కనుగొనెను. 2008 మే 13న డెబియన్ లోపమును దాచక ప్రకటించి, దిద్దిన సాఫ్టువేరును అదేనాడు అందజేసెను. అవశ్యమైన పంక్తి తిరిగి స్వస్థానము చేరెను.

అయినను మరమ్మతు అంతటితో ముగియలేదు. తాళపుచెవులు చేయు యంత్రమును బాగుచేసినంత మాత్రమున, పూర్వము చేసిన చెవులు బాగుపడవు గదా! అవి అప్పటికే ఎక్కడెక్కడికో చేరియుండెను. డెబియన్‌లో చేసిన చెవిని వేరొక వ్యవస్థలో వాడుకొనినవారికి సైతము ప్రమాదమే. ఒకవిధమైన చెవి మంచిచోట పుట్టినదైనను, లోపమున్న కంప్యూటరులో సంతకమునకు వాడినయెడల దానిని విడువవలసి వచ్చెను. అందుచే బలహీనమైన చెవుల పట్టికను తయారుచేసి, వానితో వచ్చువారిని లోనికి రానీయని కొత్త కూర్పును డెబియన్ మరునాడే విడుదల చేసెను. ప్రతివాడును తన చెవులను పరీక్షించుకొని, చెడినవానిని పారవేసి, కొత్తవి చేసికొనవలసెను. ఆ పని ఎవరికి వారే చేయదగినది. ఎందరో చేయలేదు. ఏడేండ్ల పిమ్మట, 2015లో, గిట్‌హబ్‌లో సభ్యులు వాడుచున్న చెవులలో ఈ బలహీనపు చెవులు మరల కనబడగా, వానిని రద్దుచేయవలసి వచ్చెను.

మూలము అందరికిని తెరచియున్నందున లోపము పుట్టదని కొందరు తలతురు. ఈ చరిత్ర అట్లు చెప్పదు. చదువదగినంత మాత్రమున అందరును చదివినట్లు కాదు. కాని మూలము తెరచియుండుటచేతనే ఒక్క మనుష్యుడు దానిని చదివి తప్పు పట్టగలిగెను, ఏ పంక్తి ఎప్పుడు పోయినదో లోకమునకు చూపగలిగెను. పరుల పనిని దిద్దువాడు ఆ మార్పును అది వ్రాసినవారికి పూర్తిగా చూపి, వారిచే సరిచూపించుకొనవలెను. దిద్దిన కూర్పు అందినవారు తమవంతు పని తాము చేయవలెను. పంక్తిని తిరిగి చేర్చుటకు ఒకనాడు చాలెను. లోకమున చెదరిన చెవులను మార్చుటకు ఏండ్లు పట్టెను. మన యింట కంప్యూటరుగాని చేతి ఫోనుగాని కొత్త కూర్పు వచ్చినదని తెలిపినప్పుడు, రేపు చూతములెమ్మని త్రోసివేయక ముందు ఈ లెక్కను మనము జ్ఞప్తియందుంచుకొనుట మేలు.