విషము సోకిన ప్లాటినము

ప్రాణమున్నదానికే విషమెక్కునని లోకమున నొక నమ్మకము గలదు. కాని పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో, జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున, గాజుపాత్రలోని నీటియందు తేలియాడుచున్న ప్లాటినపు రజము, లవలేశమైన హైడ్రోసయనిక ఆమ్లము సోకగానే చేయుచున్న పనిని మానివేసి, కొంతసేపటికి తెప్పరిల్లి మరల పనికి పూనుకొన్నదని చదివినప్పుడు, లోహమునకును మూర్ఛ వచ్చునా యని నేను పొందిన ఆశ్చర్యము ఇంతింతనరానిది. నేడు లోహపు టతిసూక్ష్మకణములచే ఎంజైముల పని చేయించి బాక్టీరియాను చంపుటకు పూనుకొన్న శాస్త్రమునకు వంశవృక్షము వ్రాయదలచినవాడు ఆ పాత్రయొద్ద ఆగక తప్పదు.

దానికి ముందటి కథ స్వల్పము. 1818లో పారిస్ నగరమున తెనార్ అను రసాయనవేత్త హైడ్రోజన్ పెరాక్సైడును కనుగొని, ప్లాటినము, వెండి మొదలగు లోహముల పొడి తగిలినంతనే అది ప్రాణవాయువును వెడలగ్రక్కి నీరై పోవుననియు, రక్తమునుండి తీసిన ఫైబ్రిను పోగులును అదే పని చేయుననియు గమనించెను. పుండుపై పెరాక్సైడు పోసినప్పుడు బుసబుస పొంగు తెల్లని నురుగు ఈ విచిత్రమే. 1835లో బెర్జీలియసు అను రసాయనవేత్త ఇట్టి చర్యల నన్నిటిని ఉత్ప్రేరణమను నొక్క గొడుగు క్రిందికి తెచ్చెను. అటుపై అరువదేండ్లను ఒక్క అంగలో దాటవచ్చును.

లైప్‌జిగ్‌లో ఆస్ట్‌వాల్డు పండితుని ప్రయోగశాలలో సహాయకుడుగా నుండిన గేయోర్గ్ బ్రేడిగ్, చల్లని నీటిలో రెండు ప్లాటినపు తీగల కొనలను దగ్గరకు చేర్చి, వానినడుమ విద్యుచ్ఛాపమును రగిల్చెను. తీగకొనలనుండి పొగవలె లేచిన లోహము నీటిలో వ్యాపించి, కపిలవర్ణముగల ద్రవమై, వడపోత కాగితమునకును చిక్కక జారిపోయెను. 195 గ్రాముల ప్లాటినమును దాదాపు 7 కోట్ల లీటర్ల నీటిలో కలిపినంత పలుచనైనను అది పెరాక్సైడును విడగొట్టుచుండెనని 1899లో ఆయన ప్రకటించెను. రక్తములోని ఎంజైమును స్తంభింపజేయు విషములు ప్లాటినమునుగూడ స్తంభింపజేయుట చూచి, ఈ లోహద్రవములకు "నిరింద్రియ కిణ్వములు", అనగా ప్రాణములేని ఎంజైములు, అని పేరిడి, 1901లో అదే పేరుతో గ్రంథము వెలయించెను.

లోహములు సూక్ష్మజీవులను చంపునన్న సంగతి ఆ కాలమువారికి క్రొత్తదికాదు. అదే లైప్‌జిగ్‌లో క్రేడే అను ప్రసూతివైద్యుడు 1880 ప్రాంతమున అప్పుడే పుట్టిన శిశువుల కన్నులలో సిల్వర్ నైట్రేటు చుక్కలు వేసి ఎందరినో అంధత్వమునుండి కాపాడెను. నీటిలో కరగిన రాగి యణువంతయైనను నాచును చంపునని నేగెలి అను వృక్షశాస్త్రజ్ఞుడు వ్రాసిన వ్రాతలు ఆయన మరణానంతరము 1893లో వెలువడెను; రాత్రి రాగిచెంబులో నీరు పోసియుంచి తెల్లవారి త్రాగు మన పెద్దల ఆచారమునకు ఇది దగ్గరి చుట్టము. అయితే అచ్చట లోహపు అయానులే స్వయముగా విషమగును. బ్రేడిగ్ లోహము తాను మారక, ఇతరములను మార్చును. ఈ భేదము మరువరాదు.

1926లో అమెరికాయందు సమ్నర్ పండితుడు యూరియేజు అను ఎంజైమును స్ఫటికరూపమున వేరుచేసి, అది మాంసకృత్తని చూపెను. ఎంజైములు మాంసకృత్తులే యను నిర్ణయము తరువాత బలపడినకొలది లోహపుకిణ్వముల మాట మూలబడెను. బ్రేడిగ్ సంగతి మరింత విషాదము: యూదు వంశజుడైనందున 1933లో కార్ల్స్‌రూయె విద్యాలయమునందలి పదవి పోగొట్టుకొని, దేశాంతరగతుడై, 1944లో న్యూయార్కులో కన్నుమూసెను. తప్పు సమాధానములవలనకంటె, ఒప్పు సమాధానము దొరికినదన్న తృప్తితో విడిచిపెట్టిన ప్రశ్నలవలననే శాస్త్రము ఎక్కువ నష్టపోయినదని నా నిశ్చితాభిప్రాయము.

లోహము ఎంజైము పని చేయగలదా యను ఆ ప్రశ్న మరల లేచుటకు శతాబ్దము పట్టెను. 2004లో ఇటలీ శాస్త్రజ్ఞులు తాము కూర్చిన బంగారు నానోకణములకు నానోజైములని పేరు పెట్టిరి. 2007లో బీజింగులో యాన్ షియున్ బృందము, జడమని అందరును తలచిన అయస్కాంతపు ఇనుప ఆక్సైడు కణములు ఏ ఎంజైము తోడును లేకయే పెరాక్సిడేజు అను ఎంజైము చేయవలసిన పనిని చేసి రంగు పుట్టించుట కనుగొనెను. ఈ కణములు పెరాక్సైడును హైడ్రాక్సిల్ రాడికల్ అను ఉగ్రమైన అణుశకలముగా మార్చును. అది బాక్టీరియా పైపొరను, డి.ఎన్.ఏ.ను చీల్చివేయును. మన తెల్లరక్తకణములును తమ ఎంజైములతో పెరాక్సైడునే ఆయుధముగా మలచి సూక్ష్మజీవులపై ప్రయోగించును.

2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు, రక్తహీనతకు నరములోని కెక్కించు ఫెరుమాక్సిటాల్ అను ఇనుపమందును పలుచని పెరాక్సైడుతో కలిపి పళ్ళపాచిపై ప్రయోగించిరి. తీపి తిని పుల్లని ఆమ్లమును స్రవించు స్ట్రెప్టోకాకస్ మ్యూటన్సు అను బాక్టీరియా ఆ ఆమ్లముచేతనే ఇనుపకణమును రెచ్చగొట్టి, తానును తన జిగురుగూడును నశించెను. ఎలుకలలో పిప్పిపళ్ళును తగ్గెను.

ఐనను రాడికల్‌కు శత్రుమిత్ర వివేకము లేదు. పాచిని దహించినది చిగురునుగూడ దహింపగలదు. కణపు పరిమాణము, మోతాదు, దేహమునుండి అది వెడలు మార్గము తేలవలసియున్నవి. వీనిలో నధికభాగ మింకను ప్రయోగశాల గడప దాటలేదు. కావున అంగడిలో "నానో" అన్న అక్షరములు చూచి చేయి చాపవలదు. అందాక పళ్ళు తోముకొనుట మానవలదు.