గురువు లేని భాషాభ్యాసం: ఐరోపాలో స్వయంబోధన పద్ధతుల పుట్టుక

పరభాషను గురువు సాయం లేకుండా నేర్చుకోగోరేవారికి తగిన పద్ధతుల అన్వేషణ ఐరోపాలో పందొమ్మిదో శతాబ్దిలో, వర్తకమూ రైళ్లూ తపాలా విస్తరించిన కాలంలో ఊపందుకొంది. 1818లో లూవెన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి బోధించవలసి వచ్చిన జోసెఫ్ జాకొటోకు డచ్చి రాదు, విద్యార్థులలో చాలామందికి ఫ్రెంచి రాదు. అందువల్ల ఆయన ఫెనెలాన్ రచన ‘తెలెమాక్’ను రెండు భాషల్లోనూ ఉన్న ప్రతిలో వారికిచ్చి, అనువాదం ఆసరాతో మూలాన్ని వల్లె వేయమన్నాడు. వివరించేవారు లేకుండానే వారు ఫ్రెంచిలో రాయగలగడం ఆయననే ఆశ్చర్యపరచింది.

ఇటువంటి అభ్యాసాన్ని పట్టుదలతో సాగించినవారిలో, తరువాత ట్రాయ్ తవ్వకాలతో ప్రసిద్ధుడైన హైన్రిఖ్ ష్లీమన్ ముఖ్యుడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో గుమాస్తాగా ఉన్నప్పటి తన పద్ధతిని ఆయన స్వయంగా వివరించాడు: అనువాదం జోలికి పోకుండా బిగ్గరగా చదవడం, రోజూ ఒక పాఠం నేర్వడం, నచ్చిన విషయాలపై వ్యాసాలు రాసి గురువు చేత దిద్దించుకోవడం, దిద్దినదాన్ని కంఠస్థం చేసి మర్నాడు అప్పజెప్పడం. ఇంగ్లీషు ఉచ్చారణ పట్టుబడేందుకు ఆదివారం రెండుసార్లు ఇంగ్లీషు చర్చికి వెళ్లి, ప్రసంగంలోని ప్రతి మాటనూ లోగొంతుకలో తిరిగి పలికేవాడు. 1844లో ష్రోడర్ వర్తక సంస్థలో చేరిన తరువాత రష్యన్ మొదలుపెట్టినప్పుడు గురువు దొరకలేదు. దొరికినవి పాత వ్యాకరణం, నిఘంటువు, ‘తెలెమాక్’కు ఒక నాసిరకం రష్యన్ అనువాదం మాత్రమే. వినేవారుంటే చదువు చురుగ్గా సాగుతుందని భావించి, రష్యన్ ఒక్క ముక్కా రాని పేద యూదు వృద్ధుణ్ణి వారానికి నాలుగు ఫ్రాంకులకు కుదుర్చుకుని, రోజూ సాయంత్రం రెండు గంటలు ఆయన ముందు పాఠం అప్పజెప్పేవాడు. ఒంటి చెక్కపలకలతో వేసిన పైకప్పుల గుండా కింది అంతస్తుల దాకా వినబడే ఆ కేకలకు తోటి అద్దెదారులు ఫిర్యాదు చేయడంతో రెండుసార్లు బస మార్చవలసి వచ్చింది. ఆయన స్వీయకథనంలోని పలు అంశాలను చరిత్రకారులు శంకించినా, 1846 జనవరిలో ఆ సంస్థ ప్రతినిధిగా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరిన మాట వాస్తవం.

అంతటి పట్టుదల లేని సామాన్య పాఠకుడికి దారి చూపినవి 1856లో బెర్లిన్‌లో గుస్తావ్ లాంగెన్‌షైట్, తన ఫ్రెంచి గురువు తూసేన్‌తో కలిసి రూపొందించిన బోధనలేఖలు, అంటే విడివిడి భాగాలుగా వెలువడే పాఠాలు. ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోవడంతో లాంగెన్‌షైట్ తానే ప్రచురణ సంస్థ పెట్టాడు. ఫ్రెంచి వాక్యం కింద ఉచ్చారణ సంకేతాలు, వాటి కింద మాటకు మాటగా జర్మన్ అర్థం ఉండే ఆ పుట, చెవికి అందవలసిన ధ్వనిని కంటికి అందించే తీవ్ర ప్రయత్నం. అయినా సంకేతం ధ్వని కాదు. ఆ లోటును 1901లో లండన్‌లో జాక్ రోస్టన్ స్థాపించిన లింగ్వాఫోన్ సంస్థ, పాఠాలను మైనపు గొట్టాలపై ముద్రించి కొంత తీర్చింది.

తెలుగునాట బస్‌స్టాండు పుస్తకాల దుకాణాల్లో అమ్ముడయ్యే ‘ముప్ఫై రోజుల్లో’ తరహా పుస్తకాలు పరభాషా వాక్యాలను తెలుగు లిపిలో అచ్చువేస్తూ బోధనలేఖల బాటలోనే నడిచాయి. అయితే ఈ పద్ధతులలో అచ్చు చూపించింది, యంత్రం వినిపించింది. అభ్యాసకుడి మాటను వినే పని మాత్రం రెండూ చేయలేదు కనుక, ఆ అవసరాన్ని గుర్తించి అందుకు జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న ష్లీమన్ ఎంపికే వీటన్నిటిలో వివేకవంతమైనది.