వెలుగు ఏ దిక్కు నుంచి?

శ్రీరాంపూర్ బావుల్లో బొగ్గు మొత్తమ్మీద ఈశాన్యానికి దిగుతుంది. ప్రాణహిత–గోదావరి లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన పొడుగాటి పల్లం. బరాకర్ అనే రాళ్ల మధ్య సీములు, అంటే బొగ్గు పొరలు, కూడా ఆ వరసలోనే పరుచుకొని ఓ పక్కకు వాలాయి. ఎక్కడ ఎంత వాలిందో బోర్లు వేసి, లెవెళ్లు తీసి, ఫ్లోర్ కాంటూర్లుగా ప్లాన్ మీద గీస్తారు. అవే అంకెలు పైథాన్ అనే కంప్యూటర్ భాషలోని మాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీకి ఇస్తే, సీము అడుగు నీడలు పడ్డ నేలలా తెర మీదికి వస్తుంది. చూడగానే ఎత్తుపల్లాలు అర్థమవుతాయి. అయితే ఆ నీడలు వేసే దీపం ఏ దిక్కున ఉందో చాలామంది అడగరు. దాన్ని అక్కడ పెట్టింది ఎవరో తెలియాలంటే రెండున్నర శతాబ్దాలు వెనక్కి పోవాలి.

ముందు కాంటూరు సంగతి. చార్లెస్ హటన్ 1737లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో, బొగ్గు గనుల మీద బతికే కుటుంబంలో పుట్టాడు. పడుచు వయసులో తానూ లాంగ్ బెంటన్ బావిలో దిగి బొగ్గు కొట్టాడు. తర్వాత పంతులయ్యాడు, 1773లో వూలిచ్ సైనిక అకాడమీలో గణితాచార్యుడయ్యాడు. ఆ మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రజ్ఞుడు నెవిల్ మాస్కెలిన్ స్కాట్లండ్‌లోని షిహాలియన్ కొండ దగ్గర మకాం వేశాడు. కొండ ఆకర్షణకు మట్టపుగుండు ఎంత పక్కకు జరుగుతుందో కొలిచి, దాన్నుంచి భూమి సాంద్రత తేల్చాలన్నది ప్రయత్నం. లెక్క కట్టే పని హటన్‌కు వచ్చింది. కొండ నిండా వందల కొద్దీ ఎత్తుల అంకెలు. వాటితో ఏం చేయాలో తోచక, సమాన ఎత్తున్న బిందువులన్నీ కలుపుతూ గీతలు గీశాడు. కొండ ఆకారం కాగితం మీద తేలింది. నీటి లోతులకు అలాంటి గీతలు అంతకుముందే ఉన్నా, కొండకు గీసిన తొలివాళ్లలో ఆయన పేరే చెబుతారు. ఈనాడు మన సర్వే ఆఫీసుల్లో గీసే కాంటూరు బొగ్గు కొట్టిన చేతుల మీదుగా వచ్చిందన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. గని పిల్లలకు బళ్లో ఈ కథ చెప్పాలి.

కాంటూరు నిజం చెబుతుంది, కానీ చదవడం రావాలి. నీడైతే చదువు లేకున్నా తెలుస్తుంది. నీడకు సూత్రం యోహాన్ లాంబర్ట్ 1760లో ఇచ్చాడు: వెలుగు నిటారుగా పడితే నిండుగా, ఏటవాలుగా పడితే ఆ కోణం కొసైన్ మేరకు తక్కువగా ఉంటుంది. స్విట్జర్లండ్‌లో 1845–65 మధ్య వెలువడిన డ్యూఫూర్ పటాల్లో ఆల్ప్స్ కొండల మీద వెలుగు వాయవ్యం నుంచి పడుతుంది. కుడిచేత్తో గీసేవాడికి దీపం ఎడమవైపు పైన ఉండటమే అందుకు కారణమని చెబుతారు. సూర్యుడితో దానికి సంబంధం లేదు. శ్రీరాంపూర్‌లో జూన్ నెలలో కూడా సూర్యుడు అంత ఉత్తరంగా పోడు. కంటి అలవాటు మాత్రం నిజం. వెలుగు పటం కింది వైపు నుంచి వస్తే కన్ను తిరగబడుతుంది. ఓసీ (ఓపెన్‌కాస్ట్ గని) గుంత గుట్టలాగా, ఓబీ (బొగ్గు మీది నుంచి తీసిపోసిన మట్టి) గుట్ట గుంతలాగా కనిపిస్తుంది.

1878లో వీహెల్ అనే జర్మన్ ఈ నీడలకు గణిత పద్ధతి రాశాడు. అంత లెక్క చేత్తో ఎవరు చేస్తారు? కంప్యూటర్ రావాల్సి వచ్చింది. 1965లో పిన్హాస్ యోఎలీ యంత్రంతో కొండ నీడలు వేయించాడు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఆన్రీ గురో తన భార్య సిల్వీ ముఖం మీద గీతలు గీసి, కొలతలు తీసుకొని, వంపు తిరిగిన ఉపరితలాన్ని నునుపుగా చూపించే పద్ధతిని 1971లో ప్రకటించాడు. జాన్ హంటర్ మూర్ఛరోగుల మెదడు తరంగాలను తెర మీద చూడటానికి పనిముట్టు కావాలని మాట్‌ప్లాట్‌లిబ్ మొదలుపెట్టాడు. 2003లో దాన్ని అందరికీ ఇచ్చాడు. 2012లో, ఇంకా నడివయసులోనే, కన్నుమూశాడు. మాట్‌ప్లాట్‌లిబ్ ఇప్పటికీ ఉచితమే.

ఆ లైబ్రరీలో లైట్‌సోర్స్ అనే భాగముంది. మనం ఏమీ చెప్పకపోతే దాని దీపం 315 డిగ్రీల దిక్కున, 45 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. 315 అంటే వాయవ్యం. డ్యూఫూర్ కాలపు వెలుగే పైథాన్‌లోకి వచ్చి కూర్చుంది. ఆల్ప్స్‌కు అది బాగుంది. మన లోయకు ఏమవుతుందో చూడండి.

ఒక సీము వన్ ఇన్ ఫోర్‌గా, అంటే నాలుగడుగులకు ఒక అడుగు చొప్పున, ఈశాన్యానికి దిగుతోందనుకుందాం. వాలు సుమారు 14 డిగ్రీలు. సమతలం మీద 45 డిగ్రీల వెలుగు విలువ 0.707. వాయవ్యపు వెలుగులో మన సీము విలువ 0.686. అదే సీము మడత తిరిగి నైరుతికి వాలినా మళ్లీ 0.686 వస్తుంది! వెలుగు పొర సాగిన దారి వెంటే పోతోంది కాబట్టి, ఇటు వాలినా అటు వాలినా దానికి ఒకటే. లైబ్రరీ చివర్లో నీడల తేడాలను సాగదీసి చూపిస్తుంది నిజమే, కానీ లేని తేడాను పుట్టించలేదు. దీపం దిక్కును 45 డిగ్రీలకు, అంటే ఈశాన్యానికి మార్చండి. ఈశాన్యపు వాలు 0.857, నైరుతి వాలు 0.514. మడత స్పష్టంగా తెలుస్తుంది, దీపం పటం పై వైపే ఉంది కనుక కన్నూ తిరగబడదు.

అదే లైబ్రరీలో త్రిమితీయ బొమ్మలు గీసే ప్లాట్ సర్ఫేస్‌కు వేరే దీపం ఉంది. దాని దిక్కు 225, ఎత్తు 19.4712 డిగ్రీలు. పాత రూపంలో మైనస్ ఒకటి, మైనస్ ఒకటి, అర అనే మూడంకెల దిశ అది. పాత బొమ్మలు మారిపోకూడదని అలాగే ఉంచారు. నైరుతి కాబట్టి అనుకోకుండానే మన వాలుకు ఎదురు నిలుస్తుంది. పక్క నుంచి చూసే బొమ్మకు పనికొస్తుంది. పైనుంచి చూసే ప్లాన్‌కు ఆ దిక్కు పెడితే మళ్లీ గుంతలు గుట్టలవుతాయి.

ఇంకొక జాగ్రత్త. లెవెళ్లు మీటర్లలో ఇచ్చి, గడుల మధ్య దూరం చెప్పకపోతే, లైబ్రరీ దాన్ని ఒకటి అనుకుంటుంది. గడి యాభై మీటర్లదైతే, వన్ ఇన్ ఫోర్ వాలు ఒక్క గడిలో పన్నెండున్నర మీటర్లు దిగుతుంది. యంత్రానికి అది దాదాపు నిలువు గోడ. సీము నిండా లేని ఫాల్టులు (పొర తెగి జారిన చోట్లు) కనిపిస్తాయి. దూరం ఇవ్వాలి, నిలువు సాగదీత ఒకటే ఉంచాలి.

ఈశాన్యపు దీపం ఒక్కటే చాలదు. లోయకు అడ్డంగా, ఈశాన్య–నైరుతి దిశలో పోయే ఫాల్టు ఏదైనా ఉంటే ఆ వెలుగు కింద అది దాక్కుంటుంది. దానికి 315 డిగ్రీల దీపమే కావాలి. కాబట్టి ఒకే సీముకు రెండు బొమ్మలు తీసి పక్కపక్కన పెట్టాలి, ఒక్కోదాని మూలన దీపం దిక్కు రాయాలి. ప్లాన్ మీద ఉత్తరపు బాణం ఎంత తప్పనిసరో, నీడ పటం మీద దీపపు బాణం కూడా అంతే.