స్లైగో ఫిడేలు, న్యూయార్కు ప్లేటు

1916వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి థర్డ్ ఎవెన్యూలో అంగడి నడపుచుండిన ఎలెన్ ఓబర్న్ డివిట్ అను ఐరిష్ వనిత, తన యొద్దకు వచ్చు స్వదేశీయులు చిన్ననాట తమ పల్లెలలో విన్న నాట్యపు వరుసలు గల గ్రామఫోను ప్లేట్లు కావలెనని యడుగుటయు, అట్టివి లేవని చెప్పి వారిని రిక్తహస్తములతో పంపవలసివచ్చుటయు సహింపజాలక, కొలంబియా కంపెనీవారి కడకేగి, అట్టి ప్లేటొకటి మీరు వేసినచో ఐదువందల ప్రతులు నేనే కొందునని మాట యిచ్చెను. వాయించువారెవరను ప్రశ్న రాగా, ఆదివారములందు ఐరిష్ వారు ఆటలకును నాట్యములకును చేరెడు మైదానమునకు తన కుమారుడగు జస్టస్‌ను పంపెను. అతడు ఎడీ హెర్‌బర్న్, జేమ్స్ వీలర్ అను నిరువురిని వెదకి తెచ్చెను. ఒకరిది అకార్డియన్, ఒకరిది బాంజో. వారు వాయించిన ‘ది స్టాక్ ఆఫ్ బార్లీ’ ప్లేటు వచ్చినది వచ్చినట్లే చెల్లిపోయెను.

ఈ వృత్తాంతము చదివిన దినమున నాకు కలిగిన సంతోషము ఇంతింతనరాదు. ఒక దేశపు జానపదసంగీతము లోకమున నిలుచుటకు రాజపోషణమో పండితపరిశ్రమమో మూలమై యుండునని తలచుట మన కలవాటు. ఇచట మూలము, బేరమునకు వచ్చినవాని మనసులోని బెంగను కనిపెట్టిన యొక వర్తకురాలి పట్టుదల. ఆమె అడుగిడిన త్రోవనే తక్కిన కంపెనీలును వచ్చినవి. తరువాతి యిరువది సంవత్సరములలో ఐర్లండు పల్లెసంగీతమునకు న్యూయార్కు రాజధాని యయ్యెను.

అంతకు మున్ను ఐరిష్ వరుసలు యంత్రమున కెక్కకపోలేదు. బ్రూక్లిన్ నివాసియు, జర్మను సంతతివాడును అగు జాన్ కిమ్మెల్ ఆ శతాబ్దారంభముననే తన మెలోడియన్‌పై రీళ్ళు, జిగ్గులు అను నాట్యపు వరుసలను అద్భుతముగా వాయించి ప్లేట్ల కిచ్చియుండెను. గాల్వే మండలమున బుట్టి బాల్యముననే అమెరికా చేరిన పాట్సీ టూహి కథ ఇంకను ముచ్చటైనది. మోచేతి క్రింద తిత్తి నదిమి గాలి యూదు ఉయిలియన్ పైపులయందు ఆయన మేటి. 1901లో ఆయన తన యింటనే మైనపు గొట్టములపై సంగీతము నెక్కించి తపాలాలో పంపెదనని ప్రకటన చేసెను. కోరినవారు వరుస పేరు వ్రాసి పంపుట, ఆయన గొట్టమును యంత్రమున కమర్చి ఆ యొక్కని కొఱకు వాయించుట! ప్రతి చేయు సాధనము లేదు గనుక ఒక్కొక్క గొట్టమునందు ఒక్కొక్క కచేరీ యుండెను. ఎన్నడును చూడని శ్రోతకై విద్వాంసుడు ఏకాంతమున వాయించిన ఆ గొట్టములకంటె ఆత్మీయమైన గానముద్రణమును నేనెఱుగను.

ఆ కాలముననే షికాగో నగరపు పోలీసుశాఖకు 1901 మొదలు 1905 వఱకు అధిపతిగా నుండిన ఫ్రాన్సిస్ ఓనీల్, ఐరిష్ వరుసలను సేకరించినవారిలో అగ్రగణ్యుడు. 1848లో కార్క్ మండలమున జన్మించిన యీతడు పదునాఱవయేట ఇల్లు విడిచి ఓడ నెక్కెను. పసిఫిక్ మహాసముద్రమధ్యమున బేకర్ ద్వీపము కడ ఓడ పగిలెను. రక్షించిన నావలో తిండి మిక్కిలి కొఱతగా నుండెను. ఆ నావలోని హవాయి నావికు డొకడు సాయంసమయములందు పిల్లనగ్రోవిపై స్తోత్రగీత మొకటి వాయించుకొనుచుండగా, ఓనీల్ దానిని చేతికి తీసికొని తన యూరి వరుసలు వినిపించెను. అది మొదలు ఆ నావికుడు తన వంతు ఆహారమును ఈతనితో పంచుకొనజొచ్చెను. హొనొలూలూ చేరునాటికి పలువురు ఆసుపత్రి పాలుకాగా, ఆరోగ్యముతో నున్న కొలదిమందిలో ఓనీల్ ఒకడు. సంగీతము ప్రాణము నిలుపునను మాట ఈతని విషయమున అక్షరసత్యము. ఆయన యధికారమున నుండగా చక్కగా వాయింపనేర్చిన ఐరిష్ యువకునికి షికాగోలో పోలీసుకొలువు సులభముగా దొరకెడిదని ప్రతీతి. స్వరలిపి వ్రాయుట యాయనకు రాదు. చెవితో పట్టి తెచ్చిన వరుసలను అదే యింటిపేరు గల జేమ్స్ ఓనీల్ అను పోలీసు ఉద్యోగి లిపిబద్ధము చేసెను. 1903లో వెలువడిన వారి గ్రంథమున 1850 వరుసలు, 1907 నాటి నాట్యసంగీత గ్రంథమున 1001 వరుసలు కలవు. ఫిడేలు పట్టిన ఐరిష్ విద్యార్థులు చిరకాలము చేతబట్టిన పుస్తకములివి.

ఇంకను వెనుకకు పోయినచో ఆధారములు వేగముగా సన్నగిల్లును. గేలిక్ ప్రభువుల ఆస్థానములలో హార్పు వైణికులుండిరి. పదునేడవ శతాబ్దమున ఆ ప్రభువులు కూలిరి. వైణికులు గుఱ్ఱములెక్కి ఇల్లిల్లు తిరిగిరి. వారిలో గొప్పవాడు, యౌవనమున మశూచికముచే కన్నులు పోగొట్టుకొన్న టర్లో ఓ కారొలన్, 1738లో గతించెను. 1792 జులైలో బెల్‌ఫాస్టు నగరమున మిగిలిన వైణికులను సమావేశపఱుపగా పదిమంది ఐరిష్ వారు, ఒక వేల్సువాడు మాత్రమే వచ్చిరి. వారి వరుసలను వ్రాసికొనుటకు నియుక్తుడైన ఎడ్వర్డ్ బంటింగ్‌కు అప్పటికి పందొమ్మిదేండ్లు. లోహపుతీగెలను గోళ్ళతో మీటు ప్రాచీన పద్ధతి తొంబదేండ్లు దాటిన డెనిస్ హెంప్సన్ ఒక్కని చేతనే నిలిచియుండెను. బంటింగ్ ఆ వరుసలను పియానోకు అనుగుణముగా సవరించి ముద్రించెను. రాగము దక్కినది, చేయి దక్కలేదు. ఆ గోరుమీటును తలచుకొన్నప్పుడెల్ల నాకు మనసు కలుక్కుమనును. పిమ్మట 1845 మొదలు ఐర్లండును దహించిన బంగాళాదుంపల కఱవున పదిలక్షలమంది మడిసిరి, అంతకు మించినవారు వలసపోయిరి. ఆ వలసత్రోవనే తరువాత వచ్చినవారు ఎలెన్ డివిట్ అంగడికి వచ్చినవారిలో పెక్కురు.

ఇక నాకు మిక్కిలి ప్రియమైన కాలమునకు వత్తును. స్లైగో మండలమున కిల్లవిల్ ప్రాంతమున 1891లో జన్మించిన మైకేల్ కోల్మన్, ఫిడేలు నొక్కదానినే పెట్టుబడిగా 1914లో అమెరికా చేరి, వినోదశాలలలో ఊరూర వాయించి, 1921 మొదలు 1936 వఱకు ప్లేట్ల కిచ్చుచుండెను. ఆ మండలమువారే యగు జేమ్స్ మారిసన్, పాడీ కిలోరన్ ఆయనకు సమకాలికులై న్యూయార్కుననే వెలసిరి. ఒక చిన్న మండలపు కొన్ని పల్లెలనుండి వెడలిన యీ మువ్వురు ఒక దేశపు వాదనరీతిని మార్చివేయుట సంగీతచరిత్రలో అరుదైన సంఘటనము. కోల్మన్ కమాను పొడవుగా సాగును. నాలుగైదు స్వరములు ఒక్క యూపున పలుకును. నడుమ వ్రేలిచివరను తళుక్కున మెఱయు అలంకారములు లయను చెదరనీయక, దానికి ఱెక్కలు తొడుగును. 1934లో ఆయన వాయించిన ‘టార్‌బోల్టన్’ మూడు రీళ్ళ మాల. వినువాడు మొదటి వరుసకే నిటారుగా కూర్చుండును. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు కోల్మన్ కంటె రెండేండ్లు చిన్న. అదే ఫిడేలు విజయనగరమున నొక నాదమును, న్యూయార్కున నొక నాదమును పలికిన ఆ సంవత్సరముల ప్లేట్లను ఒకదానివెంట నొకటి వినుట నాకు నిత్యోత్సవము.

ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. ప్రపంచమునకు లక్కను పంపినది ముఖ్యముగా మన దేశము. ఛోటానాగపురపు అడవులలో కొమ్మలపై పురుగులు పెట్టిన జిగురే కరగి, ఖనిజచూర్ణముతో కలిసి, స్లైగో ఫిడేలునకు ఆశ్రయమయ్యెను. ఆదివాసి స్త్రీలు కొమ్మలనుండి గీకి తీసిన యా లక్క ఐర్లండు పల్లెయింట పాడుచుండెనని ఆ యిరుపక్షములవారికిని తెలియకపోవుట నాకు విచారము కలిగించును.

పది యంగుళముల ప్లేటు పలుకునది మూడు నిమిషములు. ఈ కొలత చేసిన పని సామాన్యము కాదు. పల్లెలో నాట్యమాడువారి పాదములు అలయువఱకు ఫిడేలు సాగును. ఒక్క వరుసనే ఎన్ని మాఱులైనను త్రిప్పి వాయింపవచ్చును. ప్లేటు ముందు కూర్చున్నవానికి కనుల యెదుట పాదములు లేవు, గడియారమున్నది. కనుక వరుసను రెండు మూడు మాఱులకే ముగించి మఱియొక దానిలోనికి దుముకుట, ఆ దుముకులోని మెఱుపునే అందముగా మలచుకొనుట ఆచారమయ్యెను. ఏ వరుసవెంట ఏ వరుసను కోల్మన్ వాయించెనో ఆ క్రమమే నేటికిని లోకమున చెల్లుచున్నది. అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. అంతవఱకు ఈ సంగీతము నాట్యమాడువారిది. ప్లేటు వచ్చిన పిమ్మట వినువారిది కూడ నయ్యెను. కాలు కదపక, కన్నులు మూసికొని, ఒక రీలును ఆద్యంతము విని ఆనందించు మనుష్యుని సృజించినది ఈ లక్కపలకయే. నావంటి దూరదేశస్థులు ఆ సంగీతమును తమదిగా భావింపగలుగుట ఆ సృష్టి ఫలితమే.

పియానోను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. వాద్యమునకు తోడుండవలెనని కంపెనీలవారు కుదిర్చిన పియానోవాదకులలో కొందఱికి ఈ సంగీతపు మర్యాదలు తెలియవు. ఫిడేలు ఒక శ్రుతిలో నడచుచుండగా తాము మఱియొకదానిలో తడుముకొనుచు, దొరకిన మెట్టునెల్ల నొక్కిరి. ఆ ప్రమాదము వేలకొలది ప్రతులలో శాశ్వతమయ్యెను. కోల్మన్ వాదనము ఆ సందడిమీదుగా తేటగా వినవచ్చుట ఆయన శక్తికి నిదర్శనము.

ప్లేట్లు మూటలలో సముద్రము దాటి స్వదేశమున కేగినవి. అమెరికానుండి కొడుకో కూతురో పంపిన ప్లేటు వచ్చెనని తెలిసినచో, ఊరంతయు గ్రామఫోనున్న యింట చేరెడిది. యువకులు సూది నెత్తి, మరల పెట్టి, ఒక్కొక్క మలుపును వ్రేళ్ళకు దించుకొనిరి. కోల్మన్‌ను విని తమ ఫిడేళ్ళను గోడకు తగిలించి మరల తాకనివారు కూడ నుండిరని వృద్ధులు చెప్పుదురు. ఆ నిశ్శబ్దములో పోయిన దెంత! డొనెగాల్ మండలమున కమాను స్వరమునకు స్వరము విడివిడిగా కోయును, స్కాట్లండు కూలిపనులకు పోయివచ్చినవారు తెచ్చిన వరుసలు అచట మెండు. తూర్పు క్లేర్‌లో నడక నిదానము, ధ్వని విషాదమధురము. కెర్రీ, కార్క్ సరిహద్దుకొండలలోని స్లీవ్ లూక్రాలో పోల్కాలు, స్లైడులు అను నాట్యపు వరుసలు వాడుక. వీనిలో స్లైగో రీతి ఒక్కటి మాత్రమే. అది న్యూయార్కున యంత్రము ముందు కూర్చుండుట చేత దేశమంతటికిని ఒరవడి యయ్యెను. కోల్మన్ దోషమేమియు నిందు లేదు. తక్కిన మండలముల యొద్దకు యంత్రమును తీసికొని పోని కాలమును నేను తప్పుపట్టెదను.

దీనికి తోడు 1935 నాటి నాట్యశాలల శాసనము అనుమతిపత్రము లేని నాట్యములను నిషేధింపగా, మతాచార్యుల కటాక్షము లేని పల్లెయింటి నాట్యములు తగ్గిపోయెను. సంగీతము చావడులలోనికి, పెద్ద వాద్యబృందములలోనికి తరలెను. అదృష్టవశమున 1942లో జానపదపరిషత్తువారు షేమస్ ఎన్నిస్ అను యువకునికి కలము, కాగితములు, సైకిలు నిచ్చి పల్లెల మీదికి పంపిరి. తానును పైపుల విద్వాంసుడే యగుటచే, పాడువాని యెదుట విద్యార్థివలె కూర్చుండి వినగలిగిన యీతడు సేకరించినది అపారము.

నేడు మన మెఱిగిన కచేరీరీతులు ప్లేటుకంటెను పిన్నవి. 1951లో మల్లింగర్ పట్టణమున సంగీతోత్సవము మొదలిడిరి. అది ఏటేటి జాతరయైనది. లండనున కూలిపనులకు వలసపోయిన ఐరిష్ వారు యుద్ధానంతరము మధుశాలలలో చేరి వలయముగా కూర్చుండి వాయింపసాగిరి. నేడు లోకమంతట పురాతనాచారమని భావింపబడు సెషన్ అట్లు నగరములలో రూపొందినదే. 1960 ప్రాంతమున స్వరకర్త షాన్ ఓ రియాదా, పల్లెవాద్యకారులను కూడగట్టి, అందఱు నొక్కమాఱు మ్రోయించు పద్ధతిని మాన్పించి, ఒకరు విడువగా నొకరందుకొను కూర్పును నేర్పెను; తానో హార్ప్సికార్డుపై పాతవీణ ధ్వనిని వెదకికొనెను. 1969లో డబ్లిన్‌లోని గెయిటీ నాటకశాలయందు ఆ బృందమువారు నల్లకోట్లు, మెడపట్టీలు ధరించి వేదిక నెక్కిరి. ఆ వేషము విద్వత్సభలో పల్లెవానికి సమానాసన మడిగిన మర్యాదయని నేను భావింతును. ఆ బృందమునందలి పైపుల విద్వాంసుడు పాడీ మలోనీ 1962లో స్థాపించిన చీఫ్‌టెన్స్ ఆ కూర్పును దేశదేశములకు కొనిపోయిరి. బ్రిటనీవాడు ఆలన్ స్టివెల్ 1972లో పారిస్ ఒలింపియా వేదికపై వాయించుటతో ఐరిష్ వారికి సోదరులగు కెల్టిక్ జాతుల సంగీతమును వెలుగులోనికి వచ్చినది. 

ఈ వరుసల ప్రయాణమునకు మన దక్షిణదేశము ప్లేట్లకు నూఱేండ్లు ముందే సాక్షి. ముత్తుస్వామి దీక్షితులు దొరల బాండువారి నోట్లను విని సంస్కృతసాహిత్యము కూర్చిన కృతులలో ‘వందే మీనాక్షి’ ఒకటి. దాని వరుస కార్క్ మండలపు మాలో పట్టణము పేర చెల్లు ‘రేక్స్ ఆఫ్ మాలో’ అను నాట్యపు మట్టు. మధురమీనాక్షిని కొలిచిన ఆ వరుస వెనుక ఐరిష్ పల్లెవాని పాదమున్నది.

క్రొత్తగా వినబూనువారు కోల్మన్ ‘టార్‌బోల్టన్’తో ఆరంభించి, డొనెగాల్ మండలమున తగరపుపని చేయుచు ఊరూర తిరిగిన జాన్ డోహర్టీని వెంటనే వినవలెను, కమానులోని భేదము శిక్షణ లేని చెవికిని అందును. అనంతరము పాడ్రిగ్ ఓకీఫ్. బడిపంతులు కొలువు పోగొట్టుకొని, స్లీవ్ లూక్రా కొండలలో నడచి ఇల్లిల్లు తిరిగి ఫిడేలు నేర్పిన యీతడు, స్వరలిపి యెఱుగని శిష్యులకై నాలుగు తీగెలకు నాలుగు గదులు గీసి, వ్రేళ్ళకు అంకెలు వేసి పాఠములు వ్రాసి యిచ్చెడివాడు. 1952లో షేమస్ ఎన్నిస్ కాసిల్‌ఐలండ్ పట్టణమున ఆయనను, ఆయన శిష్యులగు డెనిస్ మర్ఫీ, జూలియా క్లిఫర్డ్ అను అన్నాచెల్లెండ్రను యంత్రమున కెక్కించెను. ‘కెర్రీ ఫిడిల్స్’ అను పేర 1977లో వెలువడిన ఆ రికార్డున పియానో లేదు. ఒకరు పైస్థాయిలోను ఒకరు క్రిందిస్థాయిలోను ఒకే వరుసను పలికించు ఆ గురుశిష్యుల పోల్కాలకు కోల్మన్ గాలి సోకలేదు.