పనిముట్టు పోతే పనీ పోయినట్టే!

నిర్మాణ స్థలాల్లో చోరీల నివారణకు మేస్త్రీలు, గుత్తేదారులు, ఇంటి యజమానులు తెలుసుకోవలసిన విషయాలు

పునాది తీసిన నాటి నుంచి గృహప్రవేశం వరకు కట్టుబడి స్థలం నెలల తరబడి తెరిచిన ముంగిలిలాగే ఉంటుంది. పగలు ఇరవై మంది తిరిగే చోట చీకటి పడితే ఒక్కరైనా ఉండరు. దొంగలకు కావలసింది ఈ అవకాశమే. దసరా నాడు ఆయుధపూజ చేసి కళ్లకద్దుకునే పనిముట్లు తెల్లవారేసరికి పాత ఇనుము తూకంలో కలిసిపోతున్నాయి.

చేతి గ్రైండరు పోతే గుత్తేదారుకు అది రెండు మూడు వేల రూపాయల నష్టం. దాన్ని సొంతంగా కొనుక్కున్న టైల్సు మేస్త్రీకి మాత్రం ఆనాటి కూలి పోయినట్టే. మరునాడు అద్దెకు తెచ్చుకోవాలి, లేదా అడ్డా మీద ఉత్త చేతులతో నిలబడాలి. అందుకే ఈ చోరీని చిన్నదిగా చూడరాదు.

ఏవి పోతున్నాయి?

తేలికగా మోయదగినవి, త్వరగా అమ్ముడుపోయేవి ముందుగా మాయమవుతాయి. గ్రైండర్లు, డ్రిల్లింగ్ యంత్రాలు, మార్బుల్ కటర్లు, వైబ్రేటర్ సూదులు, వెల్డింగ్ తీగలు ఈ కోవలోనివి. స్లాబు తడపడానికి రాత్రింబవళ్లు వదిలేసే నీటి మోటారులోని రాగి చుట్ట కోసం మోటారునే ఊడదీసుకుపోతారు. సెంట్రింగ్ విప్పిన తర్వాత ఆరుబయట పేర్చిన రేకులు, జాకీలు పది పోయినా వెంటనే తెలియదు. వైరింగు దశలో గోడ గొట్టాల్లోంచి తీగలు లాగేసుకుపోవడమూ ఉంది.

సంక్రాంతి, ఉగాది సెలవుల్లో కూలీలు సొంతూళ్లకు వెళ్లినప్పుడు, వానలకు పనులు నిలిచినప్పుడు ముప్పు ఎక్కువ. పనివేళల్లోనూ ఏమరుపాటు కూడదు. భోజన విరామంలో పై అంతస్తులో వదిలిన యంత్రాన్ని సంచిలో వేసుకుని దిగిపోవడానికి రెండు నిమిషాలు చాలు.

సామాన్ల గదే తొలి రక్షణ

ఇల్లు మొదలుపెట్టే ముందే సిమెంటుకు, పనిముట్లకు ఒక గది కట్టుకోవాలి. టార్పాలిను కప్పిన పాకకు తాళం వేసినా ప్రయోజనం లేదు. ఇటుక గోడ, ఇనుప తలుపు ఉండాలి. తలుపు బందులు, గడియ మరలు బయటి నుంచి విప్పడానికి వీల్లేకుండా లోపలి వైపు బిగించాలి. కొంకి బయటికి కనబడని రకం తాళం వాడితే కడ్డీతో పెరకడం కష్టం.

విలువైన యంత్రాలను గదిలో నేలకు బోల్టులతో బిగించిన ఇనుప పెట్టెలో పెట్టాలి. పెద్ద మిల్లరును గదిలో పెట్టలేం కనుక చక్రాల గుండా గొలుసు వేసి స్తంభానికి కట్టాలి. తిప్పే హ్యాండిలు, బెల్టు తీసి లోపల దాచాలి.

గుర్తు, లెక్క

పోయిన వస్తువు దొరికినా అది మనదేనని చూపలేకపోతే తిరిగి పొందడం కష్టం. కాబట్టి కొన్న రోజే ఈ పనులు చేయాలి.

* యంత్రం మీది కంపెనీ రేకును, వరుస సంఖ్యను ఫొటో తీసుకోవాలి. బిల్లును కూడా ఫొటో తీసి ఇంట్లో వారి ఫోనుకు పంపాలి.
* ఇనుప వస్తువుల మీద పేరులోని అక్షరాలను పొడి అచ్చుతోనో వెల్డింగుతోనో వేయించాలి. చెక్క పిడుల మీద కాల్చిన కడ్డీతో గుర్తు పెట్టాలి. రంగు ఒక్కటే వేస్తే గీకేస్తారు.
* ఉదయం ఏ పనిముట్టు ఎవరికి ఇచ్చారో పుస్తకంలో రాసి, సాయంత్రం కూలి ఇచ్చే ముందే లెక్క చూసుకోవాలి.
* గోడకు ఒక పలక బిగించి, దానిపై ప్రతి పనిముట్టు ఆకారాన్ని గీసి అక్కడే తగిలిస్తే, ఏది రాలేదో చూడగానే తెలుస్తుంది.

కాపలా

ఒక కాపలాదారుకు నాలుగు స్థలాలు అప్పగిస్తే ఏదీ కాపలా కాదు. కుటుంబంతో అక్కడే ఉండేవారికి వెలుతురు, నీళ్లు, నిలవడానికి నీడ కల్పించాలి. సామాన్ల గది ముందు రాత్రంతా దీపం వెలగాలి. కరెంటు, ఇంటర్నెట్ తీగ లేని చోట సౌర పలకతో, సిమ్‌కార్డుతో పనిచేసే కెమెరాలు దొరుకుతున్నాయి. ఇరుగుపొరుగు వారికి ఫోను నంబరు ఇచ్చి ఉంచడం అన్నింటికంటే చౌక.

చట్టం ఏమంటుంది?

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. దాని 303వ సెక్షను కింద దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పోయిన సొత్తు విలువ రూ.5,000 లోపు అయితే అది పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగిన నేరం కాదు. మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పేద మేస్త్రీ పోగొట్టుకునేది ఎక్కువగా ఈ విలువ లోపు వస్తువే కావడం గమనార్హం.

అయితే వస్తువులు భద్రపరిచే కట్టడంలో జరిగిన దొంగతనం 305వ సెక్షను కిందికి వస్తుంది. శిక్ష ఏడేళ్ల వరకు ఉంటుంది, సొత్తు విలువతో నిమిత్తం లేదు. రాత్రివేళ తాళం పగులగొట్టి చొరబడితే 331వ సెక్షను కూడా వర్తిస్తుంది. కాబట్టి పనిముట్టును ఆరుబయట వదలక గదిలో పెట్టి తాళం వేయడం చట్టరీత్యా కూడా మేలు. తాళం విరిగి ఉంటే ఫిర్యాదులో తప్పక రాయాలి.

దొంగసొత్తని తెలిసి కొన్నవారికి 317వ సెక్షను కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. బిల్లు లేకుండా సగం ధరకు యంత్రం ఇస్తామంటే పాత ఇనుము వ్యాపారులే కాదు, తోటి మేస్త్రీలూ కొనరాదు.

చోరీ జరిగితే...

విరిగిన తాళాన్ని, తలుపును ముట్టుకోకుండా 112కు గానీ ఠాణాకు గానీ తెలపాలి. పోయిన వస్తువుల జాబితాను వరుస సంఖ్యలు, ధరలతో రాసివ్వాలి. నేరం తమ పరిధిలో జరగలేదని ఏ ఠాణా వారూ ఫిర్యాదును తిప్పి పంపరాదు. ఫోను ద్వారా పంపిన ఫిర్యాదుపై మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే జిల్లా ఎస్పీకి తపాలా ద్వారా పంపవచ్చు.

అనుమానం వచ్చింది కదా అని ఎవరినీ కట్టేసి కొట్టరాదు. అది మరో నేరం. ఎక్కడ వస్తువు పోయినా పొరుగు రాష్ట్రాల నుంచో వలస జిల్లాల నుంచో వచ్చిన కూలీల మీదే ముందుగా వేలు చూపడం పరిపాటి. రోజూ లెక్క రాసిన పుస్తకం ఉంటే నిర్దోషికి అదే సాక్ష్యం.

కూలిలో కోత పెట్టవచ్చా?

పోయిన వస్తువు ఖరీదును కూలీలందరి మీదా పంచి కోత పెట్టే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. ఇది న్యాయం కాదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల స్మృతి ప్రకారం, ఆ వ్యక్తికి స్పష్టంగా అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యం వల్లనే పోయినప్పుడు మాత్రమే కోత పెట్టవచ్చు. అంతకుముందు అతని సంజాయిషీ వినాలి.

సొంత పనిముట్లు లేని తాపీ మేస్త్రీలు, వడ్రంగులు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి విచారించవచ్చు. అర్హులకు రూ.15,000 వరకు పనిముట్ల సాయం ఈ పథకంలో ఉంది. పెద్ద యంత్రాలున్న గుత్తేదారులు బీమా తీసుకునేటప్పుడు చోరీకి పరిహారం ఉందో లేదో, తాళం పగిలిన ఆనవాలు ఉండాలన్న నిబంధన ఉందో లేదో చదివి సంతకం చేయాలి.

మంచి తాళం, ఒక పుస్తకం, పేరు చెక్కిన గుర్తు... వీటికయ్యే ఖర్చు ఒక మేస్త్రీ రోజు కూలికి అటూఇటూ. పోయిన తర్వాత ఠాణా చుట్టూ తిరిగే రోజుల కూలి అంతకంటే ఎక్కువ.