అంగడి, దుకాణం, షాపు: కడప, కర్నూలు పట్టణాల క్రయవిక్రయ చరిత్రకు పదాల సాక్ష్యం

కడప, కర్నూలు పట్టణాలలో సరుకు కొనే చోటుకు ఆరు పేర్లు వాడుకలో ఉన్నాయి: సంత, అంగడి, బజారు, దుకాణం, స్టోరు, షాపు. ఇటీవల మాల్ అనే మాట వీటికి తోడైంది. పైకి పర్యాయపదాలుగా కనిపించే ఈ మాటలు వేర్వేరు కాలాలలో వాడుకలోకి వచ్చాయి. కొనేవారికీ అమ్మేవారికీ మధ్య వేర్వేరు సంబంధాలను సూచించాయి. కొత్త మాట వచ్చినంత మాత్రాన పాత మాట పోలేదు. అయితే పాత మాట వెనుక ఉన్న సంబంధం, ముఖ్యంగా ముఖపరిచయం మీద నడిచిన అరువు, క్రమంగా సడలింది. వర్షాధారమైన సీమలో ఈ మార్పు ప్రభావం పట్టణ వీధులను దాటి పల్లె బతుకు వరకు విస్తరించింది.

సంతకు వారం ఉంటుంది, అంగడికి చోటు ఉంటుంది. తమిళ, కన్నడ భాషలలోనూ కనిపించే 'అంగడి' రాయలసీమ వాడుకలో ఇప్పటికీ సజీవం. కోస్తాలో 'కొట్టు' అనే చోట ఇక్కడ 'అంగడి' అంటారు. మదనపల్లె సమీపంలో 'అంగళ్లు' పేరుతో ఒక ఊరే ఉంది. 1830లో కాశీయాత్రకు బయలుదేరి కడప మీదుగా సాగిన ఏనుగుల వీరాస్వామి, దారిలోని మజిలీలలో అంగళ్లు ఉన్నదీ లేనిదీ, సరుకులు దొరికేదీ దొరకనిదీ తన యాత్రాచరిత్రలో నమోదు చేశాడు. నాటి బాటసారికి ఊరి స్థాయిని చెప్పే గుర్తులలో అంగడి ఒకటి.

అంగడి వ్యవహారానికి ఆధారం పద్దు. మెట్టపొలం రైతుకు రాబడి ఏడాదికి ఒకటి రెండు మార్లే చేతికి వస్తుంది. ఉప్పు, నూనె, బట్ట మాత్రం ఏడాది పొడుగునా కావాలి. ఈ రెండింటి నడుమ దూరాన్ని పద్దు పూరించేది. కళ్లం ముగిశాక బాకీ తీరేది. బోణీ, బేరం, కొసరు అనే మాటలకు ఈ వ్యవస్థలోనే పూర్తి అర్థం. ధర సరుకును బట్టే కాక మనిషిని బట్టీ నిర్ణయమయ్యేది.

బజారు పారసీ మాట. దుకాణం అరబీలో పుట్టి పారసీ మీదుగా వచ్చింది. కడపలో మయానా నవాబుల పాలన పద్దెనిమిదో శతాబ్దంలో ముగిసింది. కర్నూలు నవాబు పాలన 1839 దాకా సాగింది. పాలన, పన్ను, నాణేల మార్పిడికి సంబంధించిన పదజాలం ఈ కాలంలో తెలుగులో స్థిరపడింది. కర్నూలు పాతబస్తీలోని షరాఫ్ బజారు పేరు ఇందుకు ఉదాహరణ. 'షరాబు' మొదట నాణేల నాణ్యత చూసి మార్చి ఇచ్చే వాడు. తరువాత ఆ మాట బంగారు, వెండి వర్తకానికి అన్వయించింది. కడపలో ఉద్యోగించిన సి.పి. బ్రౌన్ తెలుగు వ్యవహారంలోని అన్యదేశ్యాలకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువు వెలువరించాడు. కచేరీలోనూ బజారులోనూ ఈ మాటలు తెలియనిదే పని జరగదనడానికి ఆ నిఘంటువు అవసరమే నిదర్శనం.

మద్రాసు నుంచి కడప మీదుగా వేసిన రైలుమార్గం 1871లో రాయచూరును చేరింది. కర్నూలు పట్టణానికి అప్పటికి రైలు లేదు. 1876–78 నాటి ధాత కరువు వచ్చేసరికి రెండు పట్టణాల మధ్య ఈ తేడా ఉంది. కరువు అంగడి వ్యవస్థలోని బలహీనతనూ బయటపెట్టింది. పంట ఎండిన ఏడాది పాత పద్దు తీరదు. పాత పద్దు తీరని చోట కొత్త అరువు పుట్టదు. అవసరం ఎక్కువైన నాడే ఆధారం తెగిపోతుంది.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయింది. కార్యాలయాలకూ ఉద్యోగులకూ గుడారాలు వేశారు. ఎ, బి, సి క్యాంపుల పేర్లు నాటి గుర్తులే. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలినా, నెలజీతంతో కొనే వర్గం పట్టణంలో నిలిచింది. కళ్లం నాటి కొనుగోలుకు తోడు ఒకటో తారీఖు కొనుగోలు మొదలైంది. ఆ వెంటనే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 నుంచి దశలవారీగా కిలోగ్రాములు వచ్చాయి. పడి, సేరు, వీశె వెనుకబడ్డాయి. పడితో కొలిచేటప్పుడు అంచుకు సమంగా గీసి కొలవడానికీ, అంచు దాటి కుప్పగా పోయడానికీ తేడా ఉండేది. వర్తకుని ఉదారతకూ లోభానికీ అక్కడ చోటుండేది. కిలో తూకం ఆ చోటును తగ్గించింది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక 'స్టోరు బియ్యం' నిత్యవ్యవహారమైంది. ప్రభుత్వ పత్రాలలో అది చౌకధరల దుకాణం, జనం నోట స్టోరు. జొన్న, కొర్ర ప్రధానాహారంగా ఉన్న ఇళ్లలో పండుగనాటి వరి అన్నం రోజువారీ తిండిగా మారడానికి ఈ స్టోరు తోడ్పడింది. ఇక్కడ బేరం లేదు, కొసరు లేదు. ముఖపరిచయానికి బదులు కార్డు కావాలి. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు దళారి లేని అమ్మకాన్ని ఉద్దేశించాయి. 'రైతు', 'బజారు' రెండూ అన్యదేశ్యాలే. అయినా కర్నూలు సి క్యాంపు రైతుబజారుకు వెళ్లేవారికి ఇంతకంటె తెలుగైన మాట తోచదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరదకు కర్నూలు పాతబస్తీ మునిగింది. చేతిరాత మీద నడిచే అంగడికి పద్దుపుస్తకం తడవడం సరుకు తడవడంతో సమానమైన నష్టం. ఇప్పుడు పెద్ద బట్టల షాపుల కోసం జనం చూసేది రాజ్‌విహార్ వైపు. కడపలో ఏడురోడ్ల కూడలి, వై.వి. వీధి పరిసరాలు అటువంటివే. షోరూములో ధర చీటీ మీద ఉంటుంది. మాల్‌లో సరుకు కొనేవారే తీసుకుంటారు.

ఈ పరిణామాన్ని నష్టంగా మాత్రమే చూడడం చరిత్రకు న్యాయం కాదు. పద్దు రాసేది వర్తకుడు. చదువురాని రైతు దాన్ని సరిచూడలేడు. అరువు ధరలోనే వడ్డీ దాగి ఉండేది. స్థిరధర పరిచయం లేని వారిని బేరపు అవమానం నుంచి తప్పించింది. అయితే అరువు అవసరం తీరిపోలేదు, రూపం మార్చుకుంది. కంతుల కొనుగోలుకూ క్రెడిట్ కార్డుకూ ఆదాయపత్రం కావాలి. నెలజీతగాడికి అది సులభం, మెట్టను కౌలుకు చేసే వాడికి కష్టం. బంగారం ఉన్నవారు దాన్ని కుదువ పెడతారు. అది కూడా లేనివారికి నేటికీ మిగిలింది పల్లె అంగడి పద్దే. 'అప్పు రేపు' అని గోడమీద రాసుకున్న అంగడి సైతం తెలిసిన ముఖానికి ఈ రోజే అరువిస్తుంది.

ఈ చరిత్రకు మూలాధారాలైన పద్దుపుస్తకాలు వర్తక కుటుంబాల అటకల మీద ఉన్నాయి. దుకాణాలు చేతులు మారినప్పుడు అవి చిత్తుకాగితాలుగా పోతున్నాయి. మెకంజీ సేకరించిన కైఫీయతులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రం ప్రచురించడం వల్లనే ఈ సీమ గ్రామచరిత్ర పరిశోధకులకు అందింది. పద్దుపుస్తకాలకూ అటువంటి సేకరణ అవసరం. తూకాల పేర్లు, సరుకుల పేర్లు, బాకీ తీరిన నెలలు, తీరని ఏళ్లు వాటిలో నమోదై ఉన్నాయి.