మోతను బట్టి జబ్బు చెప్పిన ఊరు

తిరుగుతున్న ఇంజన్ లోపలికి తొంగిచూడడం కుదరదు. అందుకే దాని రోగం తెలుసుకోవడానికి మనిషి మొదట నమ్ముకున్నది చెవినే. విశాఖపట్నంలో ఈ విద్యకు నూట పాతికేళ్లు దాటిన చరిత్ర ఉంది. రైలు, రేవు, ఓడల కార్ఖానా, చమురు శుద్ధి, నౌకాదళం, ఉక్కు ఒకదాని వెనక ఒకటి ఈ ఊరికి యంత్రాలను తెచ్చాయి. ఆ యంత్రాల మోతను చదవగల మనుషులూ వాటి వెంటే వచ్చారు. ఈ రోజు గాజువాక వైపు షెడ్లలో ఖరీదైన టర్బో కారు బానెట్ ఎత్తి, ఈ గలగల ఎక్కడిదా అని వెతికే మెకానిక్ ఆ వరుసలోని వాడే. మన చరిత్రకారులు శంకుస్థాపనల తేదీలు శ్రద్ధగానే రాశారు. ఈ చెవుల సంగతికి మాత్రం దక్కాల్సిన చోటు దక్కలేదు.

1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు తీరం రైలు మార్గం పడింది. కొద్ది ఏళ్లకే ఉత్తరం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే, దక్షిణం నుంచి మద్రాసు రైల్వే వాల్తేరులో కలిశాయి. ఆ కాలపు రైల్వేల్లో బండి ఆగగానే పొడుగు పిడి సుత్తితో ఒక్కొక్క చక్రాన్ని కొట్టుకుంటూ నడిచే ఉద్యోగి ఉండేవాడు. బాగున్న చక్రం ఖంగుమంటుంది. పగులున్న చక్రంలో ఆ బీట అంచులు ఒకదానితో ఒకటి రాసుకుని కంపనాన్ని మింగేస్తాయి కాబట్టి మోత బొంగురుగా వచ్చి వెంటనే చచ్చిపోతుంది. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసే పద్ధతే ఇదీ.

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ కొత్త రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఓడలతో పాటు టగ్గులు, పూడిక తీసే డ్రెడ్జర్లు, ఆవిరి క్రేన్లు ఆ కాలంలో ఏ రేవుకైనా తప్పేవి కావు. ఆవిరి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది. బేరింగ్ వదులైతే చుట్టుకోసారి దబ్బుమని కొట్టడం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. ఇంజన్ గదిలో వంద చప్పుళ్ల మధ్య ఆ ఒక్కదాన్నీ విడదీయాలంటే ఇనపకడ్డీ ఒక కొనను బేరింగ్ గూటికి, రెండో కొనను చెవి ముందరి ఎముకకు ఆనించాలి. ఫ్రాన్సులో లాయెనెక్ అనే డాక్టర్ 1816లో కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. ఫిట్టర్ల కడ్డీ చేసే పనీ అదే. ఇప్పటికీ షెడ్లలో పొడుగు స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించే మేస్త్రీలు కనిపిస్తారు.

1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా షిప్‌యార్డుకు పునాదిరాయి వేశారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నీట దిగింది. 1952లో ఆ యార్డే హిందుస్తాన్ షిప్‌యార్డ్ అయింది. కొత్త ఓడను అప్పగించే ముందు సముద్రంలో తిప్పి పరీక్షిస్తారు. వేగం, చుక్కాని చూడడంతో పాటు, ఏ వేగం దగ్గర ఏ భాగం అదురుతోందో పట్టుకోవడం కూడా ఆ పరీక్షలో భాగమే. కొన్ని మోతలు ఒక్క ఆర్‌పీఎం దగ్గరే పుట్టి, దాన్ని దాటగానే మాయమవుతాయి. ఆ భాగపు సహజ కంపనం ఇంజన్ కంపనంతో సరిగ్గా అక్కడే కలవడం అందుకు కారణం.

అన్ని మోతలకూ వదులైన ఇనుమే కారణం కాదని తేలడానికి అమెరికాలో పెద్ద పరిశోధనే జరిగింది. పెట్రోలు ఇంజన్ బరువు మీద ఉన్నప్పుడు కటకటమని కొట్టేది. ఆ నింద చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన బ్యాటరీ ఇగ్నిషన్ మీద పడింది. ఆయన దగ్గర పనిచేసే థామస్ మిడ్గ్లే సిలిండర్‌లోని పీడనాన్ని నమోదు చేసి చూస్తే, నిప్పురవ్వ పడిన తర్వాతే ఆ దెబ్బ పుడుతోందని తెలిసింది. దోషం ఇగ్నిషన్‌ది కాదు, ఇంధనానిది. మంట ఇంకా చేరని మూలలోని మిశ్రమం ఒత్తిడికి, వేడికి తనంతట తానే భగ్గుమంటోంది. 1921 డిసెంబరులో సీసం కలిపిన రసాయనంతో మిడ్గ్లే ఆ మోతను ఆపాడు. ఆ సీసం గాలిలో కలిసి మనుషుల నెత్తురులోకి చేరింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్న నియమం రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది.

ఈ కథతో విశాఖకూ సంబంధం ఉంది. 1957లో ఇక్కడ కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది. 1978లో అది హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. పెట్రోలు ఆక్టేన్ సంఖ్య అంటే ఈ కటకట మోతను, అంటే నాకింగ్‌ను, తట్టుకునే బలమే. ఎక్కువ కంప్రెషన్, టర్బో ఉన్న కారుకు తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసి ఘాట్ రోడ్డు ఎక్కిస్తే చిన్న గులకరాళ్లు రాలుతున్నట్టు టిక్కుటిక్కుమంటుంది. ఆధునిక ఇంజన్‌లో దీన్ని వినడానికి బ్లాకుకే ఒక సెన్సర్ బిగిస్తారు. 80–90 మిల్లీమీటర్ల బోరున్న సిలిండర్‌లో నాకింగ్ సుమారు 6–7 వేల హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. సెన్సర్ ఆ స్వరాన్ని పట్టగానే కంప్యూటర్ నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేస్తుంది.

విశాఖ చెవికి అసలు కసరత్తు జరిగింది డీజిల్ షెడ్డులో. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. తూర్పు కనుమల్లో శిమిలిగూడ దగ్గర అది 996 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. 1965లో వాల్తేరు డీజిల్ షెడ్డు వచ్చింది. ఆ రోజుల్లో దేశమంతా నడిచిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజన్‌కి 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. అంత పెద్ద ఇంజన్‌లో ఒక్క బేరింగ్ కొడుతుంటే ఎలా తెలుసుకోవాలి? డీజిల్ పనివాళ్ల పాత సూత్రం తేలిక. ఒక్కొక్క సిలిండర్‌కు ఇంధనం ఆపి వినాలి. దేనికి ఆపినప్పుడు మోత తగ్గుతుందో, రోగం ఆ సిలిండర్ కనెక్టింగ్ రాడ్‌లోనో పిస్టన్‌లోనో ఉన్నట్టు. ఎన్నిటికి ఆపినా మారకపోతే ఆ మోత వేరే చోటిది. ఇంత పొదుపైన తర్కం మరొకటి లేదు. పెట్రోలు కారులో ఇగ్నిషన్ కాయిల్ తీసి చేసే పరీక్ష కూడా ఇదే.

నౌకాదళానికి ఈ విద్య ప్రాణావసరం. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సుర 1969 నుంచి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి. డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు నింపుకుని, నీటి కింద ఎలక్ట్రిక్ మోటార్ల మీద నడిచేది. సోనార్ మనిషి దూరపు ఓడ పంఖా దెబ్బలను లెక్కపెట్టి రెక్కలెన్నో, వేగమెంతో అంచనా వేస్తాడు. శత్రువూ అదే పని చేస్తాడు కాబట్టి తన మోతను తానే వేటాడాలి. 1969లోనే ఇక్కడ పుట్టిన నౌకాదళ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్ టార్పెడోలతో పాటు యుద్ధనౌకల చప్పుడు, అదురు తగ్గించే పరిశోధన కూడా చేస్తోంది.

ఇంత అనుభవం కారు బానెట్ కిందికి దిగేసరికి కొన్ని ప్రశ్నలుగా మారుతుంది. ఎప్పుడు వస్తోంది? రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోతే, టైమింగ్ చైన్‌ను బిగించే హైడ్రాలిక్ టెన్షనర్‌ను అనుమానించాలి. ఆయిల్ కిందికి జారిపోయి, మళ్లీ ఒత్తిడి చేరేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక తగ్గితే పిస్టన్ గోడకు తగులుతున్నట్టు. వేడెక్కాక, బరువు పడ్డప్పుడు పెరిగే లోతైన దెబ్బ మాత్రం కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌ది కావచ్చు. అప్పుడు బండి నడపకూడదు, లాగించుకురావాలి. లయ కూడా సాక్ష్యం చెబుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి టాపెట్ టకటక రెండు చుట్లకు ఒకసారే వస్తుంది. ఇక డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఇంజెక్టర్ల టిక్కుటిక్కు జబ్బే కాదు.

ఏది ముందు చూడాలన్న దాంట్లో విశాఖ సొంత పాఠం ఒకటుంది. ఉప్పుగాలి ఇక్కడ సైలెన్సర్ పక్కనుండే పల్చటి హీట్ షీల్డ్ రేకుల బోల్టులను తినేస్తుంది. ఆ రేకు అదిరితే ఇంజన్ చచ్చిపోతున్నంత మోత వస్తుంది. ఒక క్లాంపుతో పోయే దానికి ఇంజన్ దించమనడం అన్యాయం. ఆయిల్ మట్టం, ఆయిల్ ప్రెషర్, రేకులు, మౌంటింగులు చూశాకే చేయి లోపలికి పోవాలి.

ఊరికి యంత్రాలు తెచ్చిన వరుసలో చివరిదైన ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. ఇలాంటి కర్మాగారాల్లో బ్లోయర్లు, రోలింగ్ మిల్లుల మీద ఇప్పుడు కంపన సెన్సర్లు ఉంటాయి. బేరింగ్‌లో ఎన్ని గుండ్లున్నాయో, ఎంత వేగంతో తిరుగుతోందో తెలిస్తే, లోపలి రింగు దెబ్బతిన్నదా బయటి రింగా అన్నది ఫ్రీక్వెన్సీయే చెప్పేస్తుంది. పరికరం చెవి కంటే ముందే పట్టుకుంటుంది. ఎక్కడ ఆనించాలో తెలిసిన మనిషి అప్పుడూ కావాలి.

కిరండూల్ మార్గానికి 1980లలో కరెంటు వచ్చింది. డబ్ల్యూడీఎం-2లు దాదాపు కనుమరుగయ్యాయి. వాటి మోత తెలిసిన ఫిట్టర్లు రిటైరై మర్రిపాలెం, గాజువాక, మల్కాపురం ఇళ్లలో ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇక్కడి ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ పూనుకుంటే వాళ్ల మాటలను, మిగిలిన పాత ఇంజన్ల చప్పుళ్లను, ఏ మోత వెనక ఏ భాగం ఉందో వివరంతో సహా భద్రపరచవచ్చు. మీ ఇంట్లో అలాంటి పెద్దాయన ఉంటే అంతదాకా ఆగకండి. ఈ ఆదివారమే పక్కన కూర్చుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అడగండి.